ఇంటిపేర్ల పాలన: ఫిలిప్పీన్స్‌లో రాజకీయ కుటుంబాలు, అవినీతి

ఫిలిప్పీన్స్ రాజ్యాంగం రెండో అధికరణంలోని 26వ సెక్షన్ ఒకే ఒక్క వాక్యం. ప్రజాసేవలో అవకాశాలు అందరికీ సమానంగా దక్కేలా ప్రభుత్వం చూడాలని, రాజకీయ వంశాలను నిషేధించాలని అది చెబుతుంది. అయితే ఆ నిషేధం చట్టం నిర్వచించిన మేరకే వర్తిస్తుందన్న షరతు కూడా ఆ వాక్యంలోనే ఉంది. రాజ్యాంగం 1987లో అమల్లోకి వచ్చింది. రాజకీయ వంశం అంటే ఏమిటో చెప్పాల్సిన చట్టం మాత్రం నాలుగు దశాబ్దాలు గడుస్తున్నా రాలేదు. ఆ చట్టం చేయాల్సింది కాంగ్రెస్. కాంగ్రెస్ నిండా ఉన్నది ఆ వంశాలవాళ్లే. ఎన్నిసార్లు బిల్లులు పెట్టినా అవి చట్టం కాలేదు.

2025 మే ఎన్నికల తర్వాత కొలువుదీరిన సెనేట్‌ను చూస్తే విషయం ఇట్టే అర్థమవుతుంది. మొత్తం సభ్యులు 24 మంది. వారిలో ఎనిమిది మంది తోబుట్టువుల జంటలే: పియా, అలన్ పీటర్ కయెటానో అక్కాతమ్ముళ్లు, మార్క్, కమిల్ విల్యార్ అన్నాచెల్లెళ్లు, రాఫీ, ఎర్విన్ తుల్ఫో అన్నదమ్ములు, తండ్రి ఒక్కరే అయిన జింగోయ్ ఎస్ట్రాడా, జేవీ ఎహెర్సితో. పదకొండు కోట్లకు పైగా జనాభా ఉన్న దేశంలో ఎగువ సభలో మూడో వంతు నాలుగు ఇళ్లలో సర్దుకుపోయింది. రాష్ట్రాల స్థాయిలో పరిస్థితి ఇంకా ముదిరింది. అతెనెయో ద మనీలా విశ్వవిద్యాలయ పరిశోధకుడు రొనాల్డ్ మెండోసా బృందం లెక్క ప్రకారం, ఇంట్లో ఒకరికి మించి ఒకేసారి పదవుల్లో ఉన్న కుటుంబాలకు చెందిన గవర్నర్లు 2004లో 57 శాతం. 2019 నాటికి వాళ్లు 80 శాతమయ్యారు.

అవినీతి కొలతల్లోనూ దేశం దిగువ సగంలోనే ఉంది. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 2024 సూచీలో నూటికి 33 మార్కులతో 180 దేశాల్లో 114వ స్థానం. ఈ రెండు విషయాలనూ విడదీసి చూస్తే ఏదీ సరిగ్గా అర్థం కాదు. పదవి డబ్బు తెస్తుంది. ఆ డబ్బు తర్వాతి ఎన్నికను గెలిపిస్తుంది. అదే ఇంట్లోంచి మరొకరు కుర్చీ ఎక్కితే పాత లెక్కలు తిరగేసేవాళ్లు ఉండరు.

భూమి నుంచి ఓటు దాకా

స్పెయిన్ 1565 నుంచి 1898 వరకు ఈ దీవులను ఏలింది. ఊళ్లలో పన్నుల వసూలు, వెట్టి పనుల కేటాయింపు స్థానిక పెద్ద కుటుంబాల చేతిలో పెట్టింది. ప్రిన్సిపాలియా అని పిలిచే ఈ వర్గమే క్రమంగా భూములు కూడబెట్టుకుంది, పిల్లల్ని మనీలాలోనూ యూరప్‌లోనూ చదివించుకుంది. తర్వాత వచ్చిన అమెరికన్లు ఎన్నికలు పెట్టారు, కానీ ఓటు అందరికీ ఇవ్వలేదు. ఆస్తి ఉండాలి, లేదా ఇంగ్లిష్‌గానీ స్పానిష్‌గానీ చదవను రాయను రావాలి, లేదా స్పెయిన్ కాలంలో ఊరి పదవి చేసి ఉండాలి. 1907లో తొలి జాతీయ అసెంబ్లీకి ఎన్నికలు జరిగినప్పుడు ఓటు హక్కు ఉన్నవాళ్లు జనాభాలో రెండు శాతం కూడా లేరు. భూమి ఉన్నవాళ్లే ఓటర్లు, వాళ్లే అభ్యర్థులు. ఆ అసెంబ్లీ స్పీకర్ సెర్జియో ఒస్మేన్యా తర్వాత దేశాధ్యక్షుడయ్యారు. ఆయన మనవలు సెనేటర్లుగా, గవర్నర్‌గా, సెబూ నగర మేయర్‌గా చేశారు.

అదే కాలంలో అమెరికా ప్రభుత్వం క్యాథలిక్ మఠాల నుంచి సుమారు 4 లక్షల ఎకరాలు కొన్నది. కౌలుదార్లకే అమ్మాలన్నది ఉద్దేశం. ధర కట్టగలిగినవాళ్లు ఎవరో తేలేసరికి అందులో పెద్ద భాగం పెద్ద రైతుల పాలైంది. సంస్కరణ పేరుతో మొదలైన పని ఉన్నవాళ్లకే మేలు చేయడం ఈ దేశ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. టార్లాక్ రాష్ట్రంలోని హసియెండా లూయిసిటా అనే చెరకు ఎస్టేట్ కథ అలాంటిదే. ఆరు వేల హెక్టార్లకు పైబడిన ఆ భూమిని కొహువాంకో కుటుంబం 1950ల చివర్లో ప్రభుత్వ సంస్థల అప్పు సాయంతో కొన్నది. కాలక్రమంలో రైతులకు పంచాలన్న మాట ఆ అప్పుతోనే వచ్చింది. పంపకం జరగలేదు. ఆ ఇంటి ఆడపడుచు కొరజాన్ అకినో అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు 1988లో భూసంస్కరణ చట్టం వచ్చింది. భూమికి బదులు కంపెనీ వాటాలు ఇచ్చినా సరిపోతుందన్న వెసులుబాటు అందులో చేరింది. లూయిసిటా ఆ దారే పట్టింది. కూలి పెంచాలంటూ సమ్మె చేసిన కార్మికుల మీద 2004 నవంబరు 16న కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. 2012లో సుప్రీంకోర్టు తుది ఆదేశం ఇచ్చాకే ఆరు వేలమందికి పైగా కూలీలకు భూమి పంచే పని మొదలైంది.

మార్కోస్ ఇల్లు

ఫెర్డినాండ్ మార్కోస్ 1965లో అధ్యక్షుడయ్యారు. 1972 సెప్టెంబరులో మార్షల్ లా విధించారు. దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న పాత కుటుంబాల పీచమణుస్తానని అప్పుడు ప్రకటించారు. తన దగ్గరే ఉపాధ్యక్షుడిగా పనిచేసిన ఫెర్నాండో లోపెజ్ కుటుంబం టీవీ చానల్ మూతపడింది, మనీలాకు కరెంటు ఇచ్చే మెరాల్కో చేజారింది. అది చేరింది మాత్రం మార్కోస్ భార్య ఇమెల్డా సోదరుడు బెంజమిన్ రొమువాల్డెజ్ పట్టులోకి. పాత కుటుంబాల స్థానంలో కొత్తవి వచ్చాయి, అంతే మారింది. కొబ్బరి రైతుల దగ్గర వసూలు చేసిన సుంకంతో బ్యాంకు కొన్నారు, శాన్ మిగెల్ కంపెనీ వాటాలు కొన్నారు. ఆ వాటాల్లో ఒక భాగం ప్రభుత్వానిదని, దాన్ని కొబ్బరి రైతుల మేలుకే వాడాలని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. ఆ సొమ్ము రైతులకు ఉపయోగపడేలా నిధి ఏర్పాటు చేసే చట్టం 2021లో గానీ రాలేదు. అప్పటికి సుంకం కట్టిన తరం చాలావరకు వెళ్లిపోయింది. బటాన్‌లో 200 కోట్ల డాలర్లు దాటిన ఖర్చుతో కట్టిన అణు విద్యుత్ కేంద్రం ఒక్క యూనిట్ కరెంటు కూడా ఇవ్వలేదు. దాని అప్పు 2007 దాకా తీరుస్తూనే వచ్చారు.

ప్రతిపక్ష నేత నినోయ్ అకినోను 1983 ఆగస్టు 21న మనీలా విమానాశ్రయంలో కాల్చి చంపారు. 1986 ఫిబ్రవరిలో ఎడ్సా రహదారి మీదికి లక్షల మంది వచ్చి నిలబడ్డారు. మార్కోస్ కుటుంబం హవాయికి పారిపోయింది. అధ్యక్షురాలైన నినోయ్ భార్య కొరజాన్ అకినో అక్రమాస్తుల వెలికితీతకు వెంటనే ఒక సంఘాన్ని వేశారు. దోపిడీ పరిమాణం ఎంతన్నది ఒక్క తీర్పులోనే తెలుస్తుంది. ఆ భార్యాభర్తలకు అధికారంలో ఉన్నంతకాలం చట్టబద్ధంగా వచ్చిన ఆదాయం సుమారు 3 లక్షల 4 వేల డాలర్లని, స్విస్ ఖాతాల్లో దొరికినది సుమారు 65 కోట్ల 80 లక్షల డాలర్లని 2003లో సుప్రీంకోర్టు లెక్క తేల్చి, ఆ సొమ్మును ప్రభుత్వానికి జప్తు చేసింది. మార్షల్ లా బాధితులకు పరిహారం ఇచ్చింది ఆ డబ్బు నుంచే. 11,103 మందిని బాధితులుగా అధికారికంగా గుర్తించారు.

ఇంత జరిగాక కూడా ఆ కుటుంబం తిరిగి వచ్చింది. ఇమెల్డా 1991లో స్వదేశం చేరి, 1995లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2018లో అవినీతి నిరోధక ప్రత్యేక న్యాయస్థానం శాండిగన్‌బయాన్ ఏడు అభియోగాల్లో ఆమెను దోషిగా తేల్చింది. అప్పీలు చేసుకుని బెయిలు మీద ఉండిపోయారు. కూతురు ఇమీ సెనేటరయ్యారు. కొడుకు బాంగ్‌బాంగ్ 2022 మేలో 3 కోట్ల 16 లక్షల ఓట్లతో అధ్యక్షుడయ్యారు. మెరాల్కోను చేజిక్కించుకున్న మేనమామ కొడుకు మార్టిన్ రొమువాల్డెజ్ స్పీకర్ అయ్యారు. ఇమెల్డా మనవడు సాండ్రో కాంగ్రెస్ సభ్యుడయ్యారు. సోషల్ మీడియాలో మార్కోస్ పాలనను స్వర్ణయుగంగా చూపే వీడియోలు వెల్లువెత్తాయి, మార్షల్ లా తర్వాత పుట్టినవాళ్లే ఓటర్లలో ఎక్కువయ్యారు. కానీ అసలు కారణం ఎడ్సా తర్వాతి పాలనల్లోనే ఉంది. నియంత పోయాడు, బతుకులు మారలేదు. 1986 తర్వాత వచ్చిన ఏడుగురు అధ్యక్షుల్లో ముగ్గురు మాజీ అధ్యక్షుల సంతానమే: గ్లోరియా మకపగల్ అరోయో, బెనిగ్నో అకినో, బాంగ్‌బాంగ్ మార్కోస్. ఎడ్సాలో నిలబడిన జనానికి దక్కిన ప్రజాస్వామ్యం పాత కుటుంబాల మధ్య పోటీగా మిగిలింది.

పదవీకాలం తీరితే ఇంట్లో మరొకరు

కుటుంబ పాలనకు కళ్లెం వేయాలనే 1987 రాజ్యాంగం పదవీకాలాలకు పరిమితి పెట్టింది. అధ్యక్షుడికి ఆరేళ్లు, ఒక్కసారే. గవర్నర్లు, మేయర్లు, ప్రతినిధుల సభ సభ్యులు మూడేళ్ల చొప్పున వరసగా మూడుసార్లకు మించి ఉండకూడదు. ఫలితం తలకిందులైంది. తొమ్మిదేళ్లు పూర్తయిన మేయర్ తన కుర్చీలో భార్యనో కొడుకునో కూర్చోబెట్టి తాను కాంగ్రెస్‌కు వెళతాడు, మరో విడతలో ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. ఇదివరకు ఇంటికి ఒకరు పదవిలో ఉండేచోట ఇప్పుడు ముగ్గురు నలుగురు తయారయ్యారు.

రాజధాని ప్రాంతంలోని సంపన్నమైన మకాటీ నగరాన్నే చూడొచ్చు. మార్కోస్ వ్యతిరేక లాయరుగా పేరున్న జెహొమార్ బినాయ్‌ను 1986లో కొరజాన్ అకినో అక్కడ మేయర్‌గా నియమించారు. 1998లో ఆయన భార్య ఎలెనిటా మేయర్. 2001 నుంచి 2010 వరకు మళ్లీ ఆయనే. ఆయన ఉపాధ్యక్షుడయ్యాక కొడుకు జున్‌జున్. అవినీతి కేసులో జున్‌జున్‌ను తొలగించాక కొద్దికాలం బయటివాళ్లు చూశారు, 2016లో కూతురు అబీ వచ్చారు. 2019లో ఈ అక్కాతమ్ముళ్లు ఒకరి మీద ఒకరు పోటీకి దిగారు. అబీ గడువు ముగిశాక 2025లో ఆమె భర్త ఒకవైపు, అక్క నాన్సీ మరోవైపు నిలబడ్డారు, నాన్సీ గెలిచారు. వైద్యవిద్య కోసం తెలుగు విద్యార్థులు ఎందరో వెళ్లే దావావో నగరంలోనూ ఇదే వరస. మాజీ అధ్యక్షుడు రొడ్రిగో డుటెర్టే అక్కడ రెండు దశాబ్దాలకు పైగా మేయర్. కూతురు సారా, కొడుకు సెబాస్టియన్ కూడా మేయర్లే. ఇంకో కొడుకు పావోలో కాంగ్రెస్ సభ్యుడు. మాదకద్రవ్యాల పేరిట జరిగిన హత్యల కేసులో రొడ్రిగో డుటెర్టేను 2025 మార్చి 11న అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపారు. ఆయన కస్టడీలో ఉండగానే రెండు నెలల తర్వాత దావావో మేయర్‌గా మళ్లీ గెలిచారు.

పార్టీల బలహీనత ఈ కుటుంబాలకు కలిసొచ్చింది. ఫిలిప్పీన్స్‌లో పార్టీ అంటే చాలావరకు ఎన్నికల ముందు కట్టుకునే పొత్తు. కొత్త అధ్యక్షుడు రాగానే కాంగ్రెస్‌లో సగానికి పైగా ఆయన వైపు దూకుతారు. సిద్ధాంతం, కార్యకర్తల నిర్మాణం లేని చోట ఓటరు గుర్తుపట్టేది ఇంటిపేరునే. అట్టడుగు వర్గాల కోసం ప్రతినిధుల సభలో 20 శాతం సీట్లు కేటాయిస్తూ 1995లో తెచ్చిన పార్టీ లిస్ట్ పద్ధతి కూడా ఆ కుటుంబాలకు, కాంట్రాక్టర్లకు మరో ద్వారమైంది. అట్టడుగు వర్గాలకు చెందనివాళ్లూ దాని కింద పోటీ చేయొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఆ ద్వారం బార్లా తెరుచుకుంది.

ఆసుపత్రి బిల్లు, గ్యారంటీ లెటర్

ఇలాంటి కుటుంబాలకే జనం ఎందుకు ఓటేస్తారన్న ప్రశ్నకు డబ్బు పంపిణీ అని జవాబు చెప్పి వదిలేయడం ఓటరుకు అన్యాయం చేయడమే. ఓటుకు నోటు ఉంది, అందులో సందేహం లేదు. దానికంటే లోతుగా పాతుకున్నది నిత్యావసరాల కోసం నాయకుడి మీద ఆధారపడక తప్పని స్థితి.

ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు వస్తే ఏమవుతుందో చూస్తే చాలు. ఆరోగ్య బీమా బిల్లులో కొంతే భరిస్తుంది. మిగతాది కట్టనిదే డిశ్చార్జి కష్టం. ఇంటివాళ్లు ఊరి కార్యాలయం నుంచి పేదరిక ధ్రువపత్రం, ఆసుపత్రి నుంచి బిల్లు, డాక్టరు నుంచి వైద్య నివేదిక తీసుకుని తెల్లవారకముందే కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ముందు క్యూ కడతారు. అక్కడ దొరికేది గ్యారంటీ లెటర్: ఫలానా మొత్తం మేము చెల్లిస్తామని ఆసుపత్రికి రాసిన కాగితం. ఆ మొత్తం ఒకచోట సరిపోదు కాబట్టి గవర్నర్ ఆఫీసు, మేయర్ ఆఫీసు, సెనేటర్ల ఆఫీసులు, సంక్షేమ శాఖ, లాటరీ సంస్థ చుట్టూ తిరిగి లెటర్లు పోగు చేస్తారు. ప్రతి పైసా ప్రభుత్వ ఖజానాదే. ఇంటికి వచ్చే గుర్తు మాత్రం నాయకుడి పేరు. తల్లి ప్రాణం నిలబడిన ఇంట్లో ఆ పేరు మరిచిపోరు, మరిచిపోతే నలుగురూ తప్పుపడతారు కూడా. పెళ్లికి, బాప్తిస్మానికి, అంత్యక్రియలకు నాయకుడు వచ్చి కవరు ఇచ్చి వెళ్లడం, వందల పిల్లలకు జ్ఞానపితగా నిలబడటం ఈ బంధాన్ని ఇంకా బిగిస్తాయి.

డుటెర్టేకు ఏళ్ల తరబడి సహాయకుడిగా ఉన్న బాంగ్ గో ఈ సాయాలన్నీ ఒకేచోట అందించే మలసాకిత్ కేంద్రాలను దేశమంతా తెరిపించారు. రోగులకు తిరుగుడు తగ్గిన మాట నిజం. ఆ పేరుతోనే ఆయన 2019లో సెనేటరై, 2025లో దేశంలోనే అత్యధిక ఓట్లు సాధించారు. 2024 బడ్జెట్‌లో అల్పాదాయ కుటుంబాలకు నగదు సాయంగా 2,600 కోట్ల పెసోలకు పైగా పెట్టారు. ఒక పెసో సుమారు రూపాయిన్నర. ఎవరికి అందాలో సిఫార్సు చేసేది చాలాచోట్ల స్థానిక ప్రజాప్రతినిధి ఆఫీసే. చికిత్స హక్కుగా దొరికే రోజు వస్తే ఈ క్యూలు కరిగిపోతాయి, వాటితోపాటు ఓట్లూ కరిగిపోతాయి. అందుకే సార్వత్రిక ఆరోగ్య చట్టం 2019లోనే వచ్చినా లెటర్ల పద్ధతి పోలేదు.

పేదరికానికీ దీనికీ సంబంధం మీద అతెనెయో పరిశోధన ఆసక్తికరమైన తేడా చూపింది. మనీలా ఉన్న లుజోన్ దీవిలో కుటుంబ పాలన పెరిగినంత మాత్రాన పేదరికం పెరిగినట్టు స్పష్టంగా కనిపించలేదు. లుజోన్ వెలుపల, విసాయాస్, మిండనావ్ ప్రాంతాల్లో మాత్రం ఒకే కుటుంబం పదవులు మూటగట్టుకున్న చోట పేదరికం ఎక్కువగా ఉంది. పరిశ్రమలు, పత్రికలు, పోటీ వ్యాపారాలు ఉన్నచోట కుటుంబానికి కొంత అడ్డు ఉంటుంది. అవేవీ లేనిచోట ఉద్యోగం, లైసెన్సు, రోడ్డు పని, పోలీసు ఫిర్యాదు అన్నీ ఆ గుమ్మం ముందు నుంచే వెళ్లాలి.

నిధులు ఎటు పోయాయి

ప్రతి శాసనసభ్యుడికీ తన ఇష్టం వచ్చిన పనులకు ఖర్చు పెట్టుకునే నిధి ఉండేది. సెనేటర్‌కు ఏటా 20 కోట్ల పెసోలు, ప్రతినిధుల సభ సభ్యుడికి 7 కోట్లు. 2013లో ఇంక్వైరర్ పత్రిక బయటపెట్టిన కుంభకోణంలో జానెట్ నపోలెస్ అనే వ్యాపారి పేరు మారుమోగింది. కాగితాల మీద స్వచ్ఛంద సంస్థలు పెట్టడం, శాసనసభ్యుడి నిధిని వాటికి మళ్లించడం, విత్తనాలు ఎరువులు అందుకున్నట్టు రైతుల పేర్లతో దొంగ సంతకాలు చేయడం, వచ్చిన సొమ్ము పంచుకోవడం. పదేళ్లలో సుమారు వెయ్యి కోట్ల పెసోలు ఇలా పోయాయని ఆరోపణ. ఆగస్టు 26న మనీలాలోని లునెటా పార్కు జనంతో నిండిపోయింది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిధి రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ముగ్గురు సెనేటర్లు ఎన్రిలే, జింగోయ్ ఎస్ట్రాడా, రెవిల్లా 2014లో కటకటాల వెనక్కి వెళ్లారు. తర్వాతి సంవత్సరాల్లో భారీ దోపిడీ అభియోగం నుంచి ముగ్గురూ బయటపడ్డారు. రెవిల్లా 2019లో, ఎస్ట్రాడా 2022లో మళ్లీ సెనేట్ చేరారు.

నిధి పేరు పోయింది కానీ పద్ధతి పోలేదు. బడ్జెట్ ఆఖరి దశలో ఉభయసభల కమిటీ తలుపులు మూసుకుని పనులు చేర్చడం ఆనవాయితీ అయింది. తుపానుల దేశంలో వరద నియంత్రణ అంటే ఎవరూ కాదనలేని పని. ఏటా సుమారు ఇరవై తుపానులు ఈ జలాల్లోకి వస్తాయి. నీటి అడుగున, మట్టి లోపల ఉండే పనిని కొలవడం కష్టం; వరదకు కొట్టుకుపోయిందని చెప్పడం తేలిక. 2025 జులైలో దేశం నీట మునిగాక అధ్యక్షుడు మార్కోస్ వార్షిక ప్రసంగంలో దోచుకున్నవాళ్లు సిగ్గుపడాలన్నారు. ఆగస్టులో ఆయనే లెక్కలు విడుదల చేశారు: 2022 జులై నుంచి 9,855 పనులు, 54,500 కోట్ల పెసోలకు పైగా ఖర్చు. అందులో ఐదో వంతు పదిహేను మంది కాంట్రాక్టర్లకే వెళ్లింది.

ఆగస్టు 20న ఆయన బులకాన్ రాష్ట్రం బలివాగ్‌కు వెళ్లారు. అక్కడ 220 మీటర్ల కాంక్రీటు నది గోడ పూర్తయిందని, సుమారు 5 కోట్ల 57 లక్షల పెసోలు చెల్లించామని రికార్డుల్లో ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే ఒక్క సిమెంటు దిమ్మె కూడా లేదు. సెనేట్ విచారణలో ప్రభుత్వ ఇంజినీర్లు బల్లల నిండా పేర్చిన నోట్ల కట్టల ఫొటోలు చూపించి, ఎవరి వాటా ఎంతో వివరించారు. పనులే జరగని ప్రాజెక్టుల వల్ల 2023 నుంచి 2025 వరకు ఆర్థిక వ్యవస్థకు 4,230 కోట్ల నుంచి 11,850 కోట్ల పెసోల దాకా నష్టం జరిగి ఉంటుందని నాటి ఆర్థిక మంత్రి రాల్ఫ్ రెక్టో సెనేట్‌కు చెప్పారు. పేర్లు బయటికొచ్చిన ప్రజాప్రతినిధులు ఆరోపణలను ఖండించారు. ఆరోపణల నడుమ సెప్టెంబరులో రొమువాల్డెజ్ స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. మార్షల్ లా వార్షికోత్సవమైన సెప్టెంబరు 21న మనీలాలో వేల మంది వీధుల్లోకి వచ్చారు. నవంబరు మొదట్లో సెబూను తుపాను వరద ముంచెత్తి వందమందికి పైగా చనిపోయారు. ఇళ్ల కప్పుల మీద రాత్రంతా కూర్చున్నవాళ్లు తమ ఊరి గోడల డబ్బు ఏమైందని అడిగారు.

పట్టు వదలని చోట తుపాకీ

మిండనావ్‌లోని మగిందనావ్ రాష్ట్రాన్ని అంపతువాన్ కుటుంబం ఏలేది. తండ్రి గవర్నర్, కొడుకులు, మనవలు, అల్లుళ్లు మేయర్లు. అధ్యక్షురాలు అరోయో కూటమికి ఆ రాష్ట్రం గంపగుత్తగా ఓట్లు వేసేది. తిరుగుబాటుదారులపై పోరు పేరుతో కుటుంబం చేతిలో సాయుధ దళాలు ఉండేవి. 2010 ఎన్నికల్లో గవర్నర్ పదవికి ఎస్మాయెల్ మంగుదదాతు పోటీ చేయాలనుకున్నారు. నామినేషన్ వేయడానికి తానే వెళితే చంపుతారన్న భయంతో భార్యను, సోదరీమణులను విలేకరులతో పాటు పంపారు. ఆడవాళ్ల మీద, విలేకరుల మీద చెయ్యి వేయరని నమ్మారు. 2009 నవంబరు 23న దారి కాచి వాళ్ల వాహనాలను కొండ మీదికి మళ్లించి 58 మందిని చంపారు. వారిలో 32 మంది పత్రికా, ప్రసార మాధ్యమాలవాళ్లు. శవాలనూ వాహనాలనూ కలిపి పూడ్చిన యంత్రం రాష్ట్ర ప్రభుత్వానిదే. పదేళ్ల విచారణ తర్వాత 2019 డిసెంబరు 19న అంపతువాన్ సోదరుల్లో కీలకమైనవారికి యావజ్జీవ శిక్ష పడింది. కుటుంబ పాలనకు ఎదురు నిలిచిన మంగుదదాతులదీ ఆ ప్రాంతంలో మరో రాజకీయ కుటుంబమే. గెలవాలంటే వెనక ఓ వంశం ఉండక తప్పని స్థితి అది.

ఎదురు నిలిచినవాళ్లు

కుటుంబ బలం లేనివాళ్లూ అప్పుడప్పుడు గెలిచారు. ఉత్తర లుజోన్‌లోని ఇసబెలా రాష్ట్రం మూడు దశాబ్దాలకు పైగా డీ కుటుంబం చేతిలో ఉండేది. గ్రేస్ పడాకా రేడియో వ్యాఖ్యాత. చిన్నప్పుడే పోలియో సోకి ఊతకర్రల మీద నడిచేవారు. 2001లో కాంగ్రెస్‌కు పోటీ చేసి అతి స్వల్ప తేడాతో ఓడి, 2004లో పదవిలో ఉన్న డీ గవర్నర్‌నే ఓడించారు. హైదరాబాద్‌కు చెందిన శాంతా సిన్హా 2003లో అందుకున్న మెగసెసే అవార్డు 2008లో పడాకాకు దక్కింది. కానీ మేయర్లు, ఊరి అధికారులు, కాంట్రాక్టర్లు పాత ఇంటితోనే ఉన్నారు. 2010లో ఫౌస్టినో డీ ఆమెను ఓడించారు. వరి రైతుల రుణ పథకం నిధులను టెండరు లేకుండా ఓ సంస్థకు అప్పగించారన్న కేసులో 2019లో ఆమెకు శిక్ష పడింది, తర్వాత అధ్యక్షుడి క్షమాభిక్ష లభించింది. వందల కోట్ల కేసులు ఏళ్లకేళ్లు సాగి వీగిపోయే వ్యవస్థలో శిక్ష ఎవరికి త్వరగా పడుతుందో ఆలోచించాల్సిన విషయం. 2025 సెప్టెంబరులో రొమువాల్డెజ్ ఖాళీ చేసిన స్పీకర్ కుర్చీలోకి వచ్చింది ఆ ఫౌస్టినో డీయే.

మనీలా పక్కనున్న పసిగ్‌లో 27 ఏళ్ల కుటుంబ పాలనను 2019లో 29 ఏళ్ల వికో సొట్టో ఓడించారు. టెండర్లను బహిరంగం చేశారు, ఆసుపత్రికి, పాఠశాలలకు నిధులు పెంచారు. 2025లో ఆయన మీద పోటీ చేసి ఓడిన అభ్యర్థి కుటుంబం వరద పనుల పెద్ద కాంట్రాక్టర్లలో ఒకటి. అయితే సొట్టో కూడా సినీ నటుల బిడ్డ, సెనేటర్ టిటో సొట్టోకు తమ్ముడి కొడుకు. ఏ అండా లేని అభ్యర్థికి జనం దృష్టిలో పడటమే ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చట్టం విషయానికి వస్తే, ఒక చోట నిషేధం పనిచేస్తోంది. 2016లో వచ్చిన యువజన మండలి సంస్కరణ చట్టం ప్రకారం, పదవిలో ఉన్నవారికి రెండో తరగతి బంధుత్వం లోపు ఉన్న యువతీ యువకులు ఆ మండలి ఎన్నికల్లో నిలబడకూడదు. ఊరి స్థాయి పిల్లలకు పెట్టిన నిబంధనను పెద్దలు తమకు పెట్టుకోలేదు. 2025 నిరసనల వేడి తగలడంతో డిసెంబరులో అధ్యక్షుడు మార్కోస్ వంశ నిషేధ బిల్లును ప్రాధాన్య జాబితాలో చేర్చమన్నారు. ప్రతినిధుల సభలో బిల్లు పెట్టినవాళ్లు స్పీకర్ ఫౌస్టినో డీ, సభలో మెజారిటీ నాయకుడు సాండ్రో మార్కోస్.

ఇప్పుడు తగవంతా నిర్వచనం మీదే. బంధుత్వం రెండో తరగతి దాకా అంటే తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, మనవలు. నాలుగో తరగతి అంటే మేనమామలు, పినతండ్రులు, వాళ్ల పిల్లలు కూడా వస్తారు. రొమువాల్డెజ్, మార్కోస్‌ల మధ్య ఉన్నది ఆ నాలుగో తరగతి బంధమే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. కుటుంబ సభ్యులు ఒకేసారి పదవుల్లో ఉండటాన్ని మాత్రమే ఆపితే, గడువు తీరిన మేయర్ కుర్చీలో భార్య, ఆమె తర్వాత కొడుకు కూర్చోవడాన్ని చట్టం ముట్టుకోదు. మకాటీలో మేయర్ పదవి చేతులు మారింది ఆ వరసలోనే. వారసత్వాన్నీ నిషేధించాలని, జాతీయ, రాష్ట్ర, పట్టణ స్థాయులన్నిటికీ ఒకే నియమం ఉండాలని పౌర సంఘాలు కోరుతున్నాయి. తర్వాతి అధ్యక్ష ఎన్నిక 2028 మేలో జరగాలి.